నీలం సీసా మెడ

షికాగో,
ఫిబ్రవరి 18, 1996

వెర్నీ,

పాతికేళ్లుగా నెలకో ఉత్తరం రాస్తున్నావు. పెకన్ కాయలు ఎన్ని బుట్టలు రాలాయో రాస్తావు. పాస్టరుగారి భార్య కొత్త టోపీ నీ కళ్లలో ఎలా పొడిచిందో రాస్తావు. వీధి కుక్క ఈనితే పిల్లల రంగులతో సహా రాస్తావు. మన నాన్న సమాధి మీద నల్లరాయి నిలబెట్టి ఆరు నెలలైతే ఆ ఒక్క ముక్క రాయడానికి నీ కలంలో సిరా అయిపోయిందా?

నాకెలా తెలిసిందో చెప్పనా? మంగలి కుర్చీలో. గడ్డానికి నురగ పట్టించుకుని కూర్చున్నాను. పక్క కుర్చీలో రూఫస్ ఏదో సంగీతం పత్రిక తిరగేస్తూ, "ఏవయ్యా మేబ్రీ, మిసిసిపీలో మీ ఇంటిపేరు వాళ్లు ఇంకా ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు. తొంగి చూస్తే నువ్వు! ఈస్టరు టోపీ పెట్టుకుని, చేతులు కట్టుకుని, మౌంట్ నీబో చర్చి దొడ్లో నిలబడి ఉన్నావు. పక్కన రాయి. దాని మీద 'ఆర్జెల్ మేబ్రీ, 1903–1949' అని, కింద గిటారు బొమ్మ. మంగలి కత్తి పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఏడుస్తున్నవాడికి గడ్డం గీస్తే తెగుతుందట.

కోపం లేదు. అబద్ధమెందుకు, కొంచెం ఉంది. 71లో హార్బిన్ వాళ్ల పొలం అమ్ముడుపోయి, అక్కడి పాత శ్మశానం దున్నేస్తారని తెలిసినప్పుడు నేను రాసిన ఉత్తరం నీకు గుర్తుండే ఉంటుంది. నాన్నని చర్చి దొడ్లోకి మార్పించమన్నాను. మార్పించావు. శనివారం శనివారం బ్లూస్ పాడి జనాన్ని ఆడించినవాడికి, సైతాను పాటలవాడికి, ఈ మట్టిలో చోటు లేదన్నారు చూడు ఆ చర్చి పెద్దలు? వాళ్ల దొడ్లోనే ఆయనకి చోటు చేశావు. ఏటా మేలో గడ్డి కోశానని రాస్తావు. ఆ మేలు నేను మరిచిపోలేదు. అందుకే అడుగుతున్నాను, రాయి సంగతి ఎందుకు దాచావు?

మేలో వస్తున్నాను. ఆ ఊళ్లో అడుగుపెట్టి నలభై ఏడేళ్లయింది. నాన్న పోయిన మూడో రోజుకి గానీ చేరలేకపోయాను, పిడికెడు మట్టి కూడా వేయలేదు. ఒక్కసారి ఆయన దగ్గర కూర్చోవాలి, అంతే. గిటారు తెచ్చుకుంటాను.

పత్రికలో ఇంకో మాట ఉంది. నాన్న వేలికి తొడుక్కుని గిటారు తీగల మీద జార్చిన సీసా మెడ ఇప్పటికీ ఆ మట్టిలో గుచ్చి ఉందట. దాన్ని బట్టే సమాధి గుర్తుపట్టారట. నీలం గాజు అని రాశారు. నాకు తెల్లది గుర్తు. ఏమోలే, ముసలి బుర్ర.

నీ అన్న,
హోజియా

*

గ్రేడీ బెండ్, మిసిసిపీ,
మార్చి 3

అన్నయ్యా,

నువ్వు సగం గడ్డంతో రోడ్డు మీదికి వచ్చేసి ఉంటావు, నాకు తెలుసు. నీ తొందర నాకు కొత్తా?

రాయి సంగతి రాస్తే నువ్వు బయల్దేరతావని రాయలేదు. ఇదే నిజం, తిట్టుకో.

ఇక్కడ ఏముందని వస్తావు? నువ్వు వదిలి వెళ్లిన ఊరు కాదు ఇది. మెయిన్ స్ట్రీటులో తెరిచి ఉన్నవి మూడే: బ్యాంకు, చేపల వేపుడు కొట్టు, శవాలకి ముస్తాబు చేసే లూమిస్ వాళ్ల దుకాణం. పత్తి జిన్నింగు మిల్లు కప్పు కూలిపోయింది. వచ్చేది పరాయి ఊళ్లవాళ్లే. మొన్న స్వీడన్ నుంచి ఇద్దరు, అంతకు ముందు జపాన్ నుంచి ఒకాయన. ఆ జపానాయన మర్యాదస్తుడు, రాయికి మూడుసార్లు వంగి దండం పెట్టి, నాకు రెండుసార్లు పెట్టాడు. స్వీడన్ కుర్రాళ్లలో ఒకడు ఏమడిగాడో తెలుసా? "మీ వరండాలో కూర్చుని బ్లూస్ పాటలో లాగ కాసేపు దిగులుగా ఉండొచ్చా అండీ?" అని. ఉండు నాయనా, నేనూ ఉంటాను, తోడుగా ఉంటుంది అన్నాను. నిమ్మకాయ వేసిన టీ ఇస్తే తాగి, ఈగలు ఎక్కువున్నాయని లేచిపోయాడు.

"మీరూ పాడతారా?" అని ప్రతివాడూ అడుగుతాడు. బడి వంటింట్లో ఇరవై నాలుగేళ్లు బీన్స్ ఉడకబెట్టాను, కావాలంటే అది చెప్తాను అంటాను. దాన్ని కూడా రాసుకుంటారు!

వాళ్లు వచ్చి ఊరికే పోరన్నయ్యా. ఆ మట్టి మీద విస్కీ పోస్తారు. సగం తాగిన సీసాలు నిలబెట్టి వెళ్తారు. సోమవారం సోమవారం గోనెసంచీ పట్టుకెళ్లి ఏరుకొస్తాను. ఏరుతుంటే నాకు ఒళ్లు మండిపోతుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది.

మేయరు మే పద్దెనిమిదిన 'ఆర్జెల్ మేబ్రీ దినం' చేస్తానంటున్నాడు. బతికుండగా నాన్నని రెండుసార్లు జైల్లో వేసింది ఈ ఊరే. ఆ గుంపులో నువ్వెందుకు? మేలో దోమలు చంపేస్తాయి. రావద్దు. నీ మీద ప్రేమ లేక కాదు.

చెల్లెలు,
వెర్నెల్

*

షికాగో,
మార్చి 15

వెర్నీ,

దోమలంటావా! డెల్టాలో పుట్టినవాడికి దోమలు చూపించి భయపెడుతున్నావా?

విస్కీ పోస్తే నీకెందుకే ఒళ్లు మండటం? నాన్నకి ఇష్టమైన పనే కదా వాళ్లు చేసేది. చర్చిలో ముందు బల్ల మీద కూర్చుని కూర్చుని నీకూ అమ్మ పోలికే వచ్చింది.

సరే, దాచడం నీకొక్కదానికే వచ్చా? నేనూ ఒకటి దాచాను. నా కిడ్నీలు రెండూ పోయాయి. పోయిన ఆగస్టు నుంచి సోమ, బుధ, శుక్రవారాలు క్లినిక్కులో నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుంటున్నాను. నా ఒంట్లో రక్తమంతా బయటికెళ్లి కడుక్కుని తిరిగొస్తుంది. ఉతికిన బట్టలాగే తయారయ్యాను, రంగు వెలిసి. డాక్టరమ్మ మంచిది, ఉన్నమాట చెప్పమంటే చెప్పింది. వచ్చే చలికాలం చూస్తానో లేదో తెలియదంది. అందుకే తొందర. శుక్రవారం మిషను అయ్యాక సాయంత్రం రైలెక్కితే శనివారం పొద్దున గ్రీన్‌వుడ్‌లో దిగుతాను. ఆదివారం రైలెక్కితే సోమవారానికి మళ్లీ మిషను. రెండు రోజులు. ఆ రెండు రోజులూ నాకియ్యి.

ఒక్కటే అడుగుతాను. అమ్మ కూడా ఆ దొడ్లోనే ఉందని తెలుసు. నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లే ప్రయత్నం చేయకు. నేను 49లోనే ఒట్టు పెట్టుకున్నాను, ఆవిడ సమాధి ముందు నిలబడనని. 68లో పోయినప్పుడు కూడా అందుకే రాలేదు. ఇప్పుడు చావబోతూ ఒట్టు తప్పలేను. జనవరి నెల, ఆదివారం పొద్దున, మంచు ముక్కల వాన. నాన్న శనివారం పాట ముగించుకుని ఇంటికొచ్చి తలుపు కొడితే, ఆవిడ గడియ వేసింది. పాపిష్టి పాటలు పాడిన నోటితో నా గుమ్మం తొక్కొద్దంది. ఆయన వెళ్లి జిన్నింగు మిల్లు షెడ్డులో పత్తి బేళ్ల మధ్య పడుకున్నాడు. అయిదో రోజుకి ఊపిరితిత్తులు నిండిపోయి పోయాడు. నేను గ్రీన్‌విల్‌లో కలపకోత మిల్లులో ఉన్నాను. ఉంటే ఆ తలుపు విరగ్గొట్టేవాణ్ణి.

అమ్మది ఏ మూలో చెప్పు, ఆ వైపు చూడను.

హోజియా

*

గ్రేడీ బెండ్,
ఏప్రిల్ 9

అన్నయ్యా,

నీ ఉత్తరం అందిన రోజు చర్చిలో ఈస్టరు పాటల సాధన. వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. ఆగస్టు నుంచి ఒక్కడివే అలా పడుకుంటున్నావా? ఎవరన్నా పక్కన కూర్చుంటున్నారా?

రా. మేయరు తిరునాళ్లు అయిపోయాక రా. అప్పటికి గుంపు ఉండదు. మే 18 శనివారం వాళ్ల హడావిడి, నువ్వు 25కి రా. స్టేషనుకి పాస్టరుగారి కారులో వస్తాను. ఉప్పు లేని వంట నేర్చుకుంటాను. పొటాషియం అనేదేదో ఎక్కువగా ఉండకూడదట కదా, బీన్స్ పెట్టకూడదట. ఇరవై నాలుగేళ్లు ఊరందరికీ పెట్టాను, నీకు పెట్టడానికి లేదు.

నీతో ఒక మాట చెప్పాల్సి ఉంది. ఉత్తరంలో వద్దు, నువ్వు వచ్చాక చెప్తాను.

అమ్మది కంచె వైపు మూల.

వెర్నెల్

*

షికాగో,
మే 29

వెర్నీ,

ఈ ఉత్తరం మిషను పక్కన పడుకుని రాస్తున్నాను. ఎడమ చేతికి సూదులు, కుడి చేతికి కలం. అక్షరాలు వంకరగా ఉంటే ఓర్చుకో.

నువ్వు స్టేషనులో నన్ను గుర్తుపట్టలేదు. పట్టినట్టు నటించావు గానీ, నేను చూశాను. ఫరవాలేదు. నేనూ అంతే. నా చెల్లెలు పదకొండేళ్ల పిల్ల, మోకాళ్లు చెక్కుకుపోయి ఉండేవి. ఆవిడెవరో పెద్దామె వచ్చింది, దగ్గరికొస్తే మన నాన్న కళ్లు.

శనివారం మధ్యాహ్నం గురించి రాయాలి. నువ్వు పెకన్ చెట్టు కింద ఆగిపోయావు, వెళ్లన్నయ్యా, ఒక్కడివే కూర్చో అన్నావు. నాకు అది నచ్చింది. కంచె వైపు వీపు పెట్టుకుని కూర్చున్నాను, ఒట్టు కోసం. షికాగో నుంచి మోసుకొచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. తర్వాత గిటారు తీశాను. ఆయన వాయించిన పాటే, మూడో తీగ కాస్త వదులు చేసి. వేళ్లు వాచిపోయి సరిగా పలకలేదు. అయినా వాయించాను. వాయిస్తుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తుంటే మాటలొచ్చాయి. నువ్వు విన్నావో లేదో, గట్టిగానే అన్నాను. "నేను సమయానికి రాలేదు, నన్ను క్షమించు. నీకు తలుపు వేసిన మనిషిని మాత్రం నేను క్షమించలేదు. ఇప్పుడూ క్షమించను, పైకొచ్చాకా క్షమించను. ఆ మాట నీకు చెప్పి పోదామని వచ్చాను" అన్నాను. ఆ రాయి మీద నుదురు ఆనించి అన్నాను. ఎండకి వేడిగా ఉంది.

వెర్నీ, నలభై ఏడేళ్ల బరువు దిగింది. వచ్చిన దగ్గర్నుంచి హాయిగా ఉంది. నర్సు కూడా అడిగింది, ఏంటి మిస్టర్ మేబ్రీ, ఎవరినన్నా పెళ్లి చేసుకొచ్చారా అని.

ఇప్పుడు నా దొంగతనం ఒప్పుకోవాలి. సమాధి మీద వస్తువు తీయకూడదని మన ఇంట్లో చెప్పేవాళ్లు, గుర్తుందా? పోయినవాళ్లు చివరిసారి వాడిన గిన్నె, గ్లాసు, దీపం ఏదైనా పగలగొట్టి మట్టి మీద పెట్టాలి. పెట్టింది ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దాని కోసం వాళ్లే వెతుక్కుంటూ వస్తారని. నేను ముట్టుకున్నాను. ఆ నీలం సీసా మెడ మట్టిలోంచి తీసి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాను. ఆయన వస్తే రానీ, అందుకే కదా తీసింది! ఇంటికొచ్చి కడిగితే నా చిటికెన వేలికి సరిగ్గా సరిపోయింది. నాన్న ఉంగరం వేలికి వేసేవాడు, మరి ఆయన వేళ్లు నాకంటే సన్నమా? పగిలిన చోట అంచు ఇంకా కొంచెం గరుకుగా ఉంది. తీగ మీద పెడితే వచ్చే స్వరం నేను ఇంతవరకూ ఎక్కడా వినలేదు. మన ఇంటి స్వరమే.

ఇంకొకటి. లూమిస్ వాళ్లతో మాట్లాడు. నేను పోయాక నన్ను అక్కడికి తెప్పించి ఆ రాయి పక్కనే పెట్టించు. ఆయన పక్కన. ఇదొక్కటే కోరిక, ఇంకేదీ లేదు.

ఏదో మాట చెప్తానన్నావు, చెప్పనే లేదు. రైలు కిటికీ దగ్గర నోరు తెరిచి మూసేశావు. ఏంటది?

హోజియా

*

గ్రేడీ బెండ్,
జూన్ 6

అన్నయ్యా,

కూర్చుని చదువు. మిషను మీద ఉన్నప్పుడు మాత్రం చదవకు.

నేను విన్నాను. నువ్వన్న ప్రతి మాటా పెకన్ చెట్టు కిందికి వినిపించింది. నువ్వు నుదురు ఆనించినప్పుడు నేను చెట్టు బెరడు వైపు మొహం తిప్పుకున్నాను.

అది నాన్న సమాధి కాదు. అమ్మది.

రాసేశాను. ఇక మిగతాది కూడా రాస్తాను, నువ్వు చదివినా మానినా.

71లో నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను వెంటనే వెళ్లలేదు. బడి వంటింట్లో కొత్తగా చేరాను, మా చిన్నవాడికి ఆటలమ్మ పోసింది, రెండు వారాలు ఆగాను. నేను వెళ్లేసరికి హార్బిన్ పొలంలో శ్మశానం లేదు. నేల నున్నగా దున్నేసి ఉంది. నాన్న తల దగ్గరి దేవదారు చెట్టు కూడా పీకేశారు. ఎక్కడ నిలబడాలో తెలియక చేను మధ్యలో అటూ ఇటూ తిరిగాను. ట్రాక్టరు నడిపేవాడు హారన్ కొట్టి పొమ్మన్నాడు. ఇంటికొచ్చి, 'మార్పించాను' అని నీకు రాశాను. ఆ ఒక్కసారికే అనుకున్నాను. ఆ తర్వాత ఏటా రాయాల్సి వచ్చింది. గడ్డి కోశానని రాసిన మాట నిజమే. కోసింది అమ్మ మీద గడ్డి. నాన్న ఉన్నచోట ఇప్పుడు సోయా వేస్తున్నారు.

పోయిన ఏడాది జూన్‌లో విశ్వవిద్యాలయం నుంచి ప్రెంటిస్ అనే తెల్లాయన వచ్చాడు, ఇంకో ఇద్దరితో, టేపులూ కెమేరాలూ పట్టుకుని. హార్బిన్ పొలం చూసొచ్చాడట, అక్కడేం దొరకలేదట, కొన్ని సమాధులు చర్చి దొడ్లోకి మార్చారని ఎవరో చెప్పారట. ఆ చెప్పింది ఎవరై ఉంటారు, నీకు రాసిన అబద్ధం నేనే ఊళ్లో కూడా నలుగురితో అన్నాను. అప్పుడు నేను కొడవలితో అమ్మ దగ్గర గడ్డి కోస్తున్నాను. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ కిందికి చూసి ఆగిపోయాడు. మట్టిలో నీలం సీసా మెడ గుచ్చి ఉంది. టోపీ తీసేసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, ఇది ఆయనదేనా?" అని గుసగుసగా అడిగాడు. కళ్లలో నీళ్లు. పెద్ద చదువులు చదివినవాడు, నాన్న పాటలన్నీ వచ్చినవాడు. సీసా మెడ కనిపిస్తే ఆయనకి గిటారే గుర్తొచ్చింది.

అది అమ్మ కడుపుమంట మందు సీసా. మెగ్నీషియా పాలు. చివరి మూడు నెలలూ ఆవిడకి అదొక్కటే దిగేది. పోయిన రోజున నేనే పెరటి మెట్టు మీద కొట్టి పగలగొట్టాను, నేనే గుచ్చాను. నీ చిటికెన వేలికి తప్ప పట్టకపోవడానికి అదీ కారణం.

అవునని నేను అనలేదు. తల ఊపాను.

ఎందుకని ఏడాదిగా నన్ను నేను అడుగుతున్నాను. ఒకటి, నీకు రాసిన అబద్ధం నిజమైపోతుందని. ఇంకోటి, అమ్మకి రాయి లేదు. పెట్టిన చెక్క శిలువ చెదలు తినేసింది. నలభై ఏళ్లు ఊరి దుప్పట్లు ఉతికిన మనిషికి ఎవరు పెడతారు రాయి? నాన్న పేరు మీదయినా ఆవిడ తల దగ్గర ఒకటి ఉంటుందనుకున్నాను. ప్రెంటిస్ వాళ్లు రాయి పెట్టాక తెలిసింది నేనేం చేశానో. విస్కీ వాసనకే మొహం తిప్పుకునే మనిషి మీద శనివారం శనివారం విస్కీ పోస్తున్నారు. చర్చిలో లుబర్తా అక్కకి తెలుసు ఆ చోటు ఎవరిదో. ఆవిడ నన్ను చూసి నోరు మూసుకుంటుంది, ఆ మూసుకోవడమే నేను భరించలేను.

నువ్వు వస్తానంటే భయపడ్డాను. తర్వాత ఒక దుర్బుద్ధి పుట్టింది. నీకు తెలియకుండానైనా నువ్వు అమ్మ ముందు మోకరిస్తావు కదా అని. ఒకే ఒక్కసారి ఆవిడ కొడుకు వచ్చి కూర్చుంటాడు కదా అని. అందుకే పెకన్ చెట్టు కింద ఆగిపోయాను. నువ్వు ఆవిడ నెత్తి మీద నుదురు పెట్టి, క్షమించను అంటావని నేనేం కలగన్నానా?

నువ్వు లేని ఆ ఆదివారం సంగతి నీకు సగమే తెలుసు. నేనున్నాను. అమ్మ తెల్లగౌను వేసుకుని చర్చికి తయారై ఉంది, నాకు జడ వేస్తోంది. నాన్న తలుపు కొట్టాడు. అమ్మ లేచి గడియ వేసింది. ఆయన కేకలేయలేదు. "లుటీషా, చలిగా ఉందే" అన్నాడు, అంతే. నేను లేవబోతే నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకోలేదన్నయ్యా. విడిపించుకుని ఉండొచ్చు. విడిపించుకోలేదు. వెనక తలుపు నుంచి చర్చికి వెళ్లిపోయాం, నేనూ, ఆవిడా. నేను ఆ రోజు పాట కూడా పాడాను. ఆవిణ్ణి క్షమించనన్నావు, మరి నన్నేం చేస్తావు?

శవాన్ని తెచ్చాక ఆవిడే కడిగింది, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నాన్న జేబులో సీసా మెడ దొరికింది. అది తెల్లది, నీకు సరిగానే గుర్తుంది. పొయ్యిలో పారేస్తుందనుకున్నాను. గౌను అంచుతో తుడిచి, ఆయన కోటు లోపలి జేబులో పెట్టి, పడిపోకుండా పిన్ను గుచ్చింది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు చర్చిలో పెదవులు కదిపేది గానీ ఆవిడ గొంతు ఎవరూ వినలేదు. ఆవిణ్ణి మంచిదాన్ని చేద్దామని రాయడం లేదు. గడియ వేసింది ఆవిడే.

అయిపోయింది.

వెర్నెల్

*

గ్రేడీ బెండ్,
జూలై 1

అన్నయ్యా,

జవాబు లేదు. క్లినిక్కుకి ఫోను చేస్తే వస్తున్నావనే చెప్పారు. అంటే బతికే ఉన్నావు, రాయడం లేదన్నమాట. నాకు దక్కవలసిందే.

ప్రెంటిస్ గారికి ఉత్తరం రాసి పెట్టుకున్నాను. ఉన్నది ఉన్నట్టు. నువ్వు పంపమంటే పంపుతాను. రాయి తీసుకుపోతారేమో, తీసుకుపోనీ.

తిట్టయినా రాయి.

వెర్నెల్

*

షికాగో,
జూలై 17

వెర్నీ,

తిట్టమన్నావు. నాలుగు వారాలు తిట్టాను, కాగితం మీద కాకుండా. రూఫస్ మీద అరిచాను, నర్సు మీద అరిచాను, గిటారు మంచం కిందికి తోసేశాను. నువ్వు నన్ను పాతికేళ్లు మోసం చేశావు. నా కాళ్లతోనే నా ఒట్టు తప్పించావు. ఈ మాట అనకుండా మిగతావి రాయలేను, అందుకే ముందు రాశాను.

పదకొండేళ్ల పిల్లవి. నిన్నేం చేస్తానని అడిగావు. నీ మణికట్టు మీద ఆవిడ చెయ్యి ఇంకా ఉందే పిచ్చిదానా, దాన్ని తీసెయ్యి. ఆ తలుపు నీది కాదు.

నాన్న సంగతి ఆలోచించాను. సోయా చేలో ఉన్నాడు. సరే. నువ్వు హార్బిన్ రోడ్డు మీద వెళ్లినప్పుడు కారు ఆపించి, దిగి, ఆయన పేరు పెట్టి ఒకసారి గట్టిగా పిలువు. ఎవడన్నా హారన్ కొడితే కొట్టనీ. ఈసారి మాత్రం వెళ్లిపోకు. ఆయన జేబులో ఆయన సీసా మెడ ఉందన్నావు, పిన్ను గుచ్చి. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పిన్ను ఎందుకు గుచ్చింది, వెర్నీ? పడిపోతే ఏం, పోయినవాడు మళ్లీ వాయిస్తాడా? నాకు అంతుపట్టడం లేదు.

ప్రెంటిస్‌కి ఉత్తరం పంపు. రాయి తీయనంటే, వెనక వైపు 'లుటీషా మేబ్రీ, 1907–1968' అని చెక్కమను. తీసుకుపోతానంటే తీసుకుపోనీ, మన లూమిస్ వాళ్లని చెక్కతో చేయమను, చెదలు పట్టని చెక్కతో. విస్కీ పోసేవాళ్లకి ఆవిడ ఉతికిన దుప్పట్ల సంగతి చెప్పు. దాన్నీ రాసుకుంటారు. నన్ను అక్కడికే తీసుకెళ్లు. పక్కన వద్దు, కాళ్ల వైపు. అంత దూరం ఉంటే ఇద్దరం ఓర్చుకుంటాం.

క్షమించానని రాయమని నువ్వు ఎదురు చూస్తుంటావు. రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది, మన ఇంట్లో అబద్ధాలు చాలా అయ్యాయి.

కానీ ఒకటి జరిగింది. పోయిన వారం గిటారు మంచం కింద నుంచి తీశాను. ఆ నీలం గాజు చిటికెన వేలికి పెట్టుకున్నాను. పాటలంటే చెవులు మూసుకున్న మనిషి మందు సీసా. తీగ మీద పెట్టగానే అదే స్వరం. మన ఇంటి స్వరం అన్నాను కదా మేలో. తప్పనలేదు, ఎవరిదో తెలియక అన్నాను. పంతొమ్మిదేళ్లు ఆవిడ మింగిన గొంతు ఎక్కడికి పోయిందనుకున్నావు?

తిరిగి పంపేద్దామనుకున్నాను, నువ్వు మట్టిలో గుచ్చేస్తావు కదా అని. పంపను. నేను ముట్టుకున్నాను, ఇంటికి తెచ్చుకున్నాను. మనవాళ్లు చెప్పే మాట నిజమైతే దాని కోసం ఆవిడ రావాలి. షికాగో ఎన్నడూ చూడలేదు, దారి అడుక్కుంటూ రావాలి. వచ్చేసరికి చలికాలం మొదలవుతుందేమో, ఇక్కడ మంచు బాగా కురుస్తుంది. వస్తే సీసా మెడ ఆవిడ చేతిలో పెడతాను, పిన్ను సంగతి అడుగుతాను. రాయి మీద నుదురు పెట్టి నేనన్న మాటలు ఆవిడ ఎలాగూ వినేసింది, ఇక జవాబు చెప్పడం ఆవిడ వంతు.

అందుకని ఈ వారం నుంచి తలుపుకి గడియ పెట్టడం మానేశాను. మా వీధిలో ఎవరూ అలా ఉంచరు. రూఫస్ నాకు మతి పోయిందంటున్నాడు. ఉంచుతాను వెర్నీ. బయట చలిలో నిలబెట్టడం నాకు చేతకాదు, ఆవిణ్ణయినా.

హోజియా